విటమిన్ 'ఎ'ను ముఖానికి రాసుకునే ముందు

(మన సంఘం సభ్యుల కోసం, వారి కుటుంబాల కోసం ఏలూరులో జరిగిన ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సదస్సులో మనం ఏటా బి.పి., షుగరు, మోకాళ్ల నొప్పులు, కంటి శుక్లాల గురించి వింటూనే ఉన్నాం. ఈసారి ముఖానికి రాసుకునే క్రీముల గురించి మాట్లాడతానని నేను అడిగితే కార్యదర్శిగారు నవ్వారు. "ఈ వయసులో మనకెందుకండీ ముస్తాబు?" అన్నారు. మన ముస్తాబు సంగతి అలా ఉంచండి. ఈనాడు మనలో చాలామంది ఇళ్లలో అద్దం పక్కన ఒక చిన్న సీసాయో, ట్యూబో ఉంటోంది. దాని మీద 'రెటినాల్' అనో, 'ట్రెటినాయిన్' అనో ఉంటుంది. కొన్నది మనవరాలు, వాడేది కోడలు, ఎవరూ చూడనప్పుడు కాస్త తీసి రాసుకునేది మనం. డబ్బు ఇచ్చేది మాత్రం పెన్షనే! కనుక అది ఏమిటో, ఎలా మొదలుపెట్టాలో, ఎవరు ముట్టుకోకూడదో తెలుసుకోవడం మన బాధ్యత.

ముందే మనవి చేస్తున్నాను, నేను డాక్టరును కాను. 1974లో ఎల్.డి.సి.గా చేరి, జిల్లా వైద్య ఆరోగ్య శాఖలో మందుల స్టోర్సు సెక్షను ఫైళ్లు చూసి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన గుమాస్తాను. మందు రాసే చదువు నాకు లేదు. మందు సీసా మీద ఉన్న ప్రతి అక్షరం చదివే అలవాటు మాత్రం ఉంది. ఈ విషయంలో చర్మవ్యాధుల డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్న సంగతులను ఒక నోటు రూపంలో మీ ముందు పెడుతున్నాను.

పాత పరిచయమే

రెటినాల్ అంటే కొత్తగా పుట్టిన వస్తువేమీ కాదు. విటమిన్ 'ఎ' అసలు పేరే రెటినాల్. 1913లో అమెరికా శాస్త్రజ్ఞులు వెన్నలో, గుడ్డు సొనలో, చేప కాలేయపు నూనెలో ఉండే ఈ పదార్థాన్ని గుర్తించారు. దాని నిర్మాణాన్ని 1931లో తేల్చిన పాల్ కారర్‌కు 1937లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన శాఖలో పనిచేసిన వారికి ఇది మరో రూపంలో గుర్తుంటుంది. రేచీకటితో, కళ్లు పొడిబారిపోయి చూపు పోగొట్టుకునే పసిపిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 1970లో విటమిన్ 'ఎ' ద్రావణం పంపిణీ మొదలుపెట్టింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశోధనలు దీనికి ఆధారం. ఒక మిల్లీలీటరులో 1 లక్ష యూనిట్లు. ఏడాది నిండిన పిల్లవాడికి ఆరు నెలలకొకసారి 2 మిల్లీలీటర్లు, అంటే 2 లక్షల యూనిట్లు. అంతకంటే చిన్నపిల్లకు, తట్టు టీకాతో పాటు, 1 లక్ష మాత్రమే. ఆ సీసాలు వచ్చినప్పుడల్లా స్టాకు రిజిస్టరులో ఎక్కించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఇండెంట్ల ప్రకారం పంపేవాళ్లం. ఆరు నెలల గడువు ఎందుకంటే, ఈ విటమిన్ నీటిలో కరిగేది కాదు. నూనెలో కరుగుతుంది, కాలేయంలో నిలవ ఉంటుంది. చాలినంత ఇస్తే కన్ను నిలుస్తుంది, హద్దు మీరితే వికటిస్తుంది. ముఖానికి రాసుకునే క్రీము విషయంలోనూ హద్దు ముఖ్యమే.

మరొక మాట. మన పెదవేగి ఆయిల్‌పామ్ తోటలు మీరందరూ చూసినవే. భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్నది కూడా అక్కడే. ఆ గెలల గుజ్జు నుంచి తీసిన ముడి నూనె నారింజ ఎరుపు రంగులో ఉంటుంది. ఆ రంగు కెరోటిన్‌ది. మన శరీరం కెరోటిన్‌ను విటమిన్ 'ఎ'గా మార్చుకుంటుంది. నూనెను శుద్ధి చేసి తెల్లబరిచినప్పుడు అది చాలావరకు పోతుంది. తోటకూర, మునగాకు, క్యారెట్, బొప్పాయి, మామిడిపండులో ఉన్నది కూడా కెరోటినే. ఆకుకూర ఎంత తిన్నా విటమిన్ 'ఎ' విషం కాదు, ఎందుకంటే శరీరం తనకు కావలసినంతే మార్చుకుంటుంది. బిళ్లల రూపంలో నేరుగా మింగే విటమిన్ 'ఎ'కు ఆ అదుపు లేదు.

చర్మం మీద ఏం చేస్తుంది?

చర్మం పైపొర నిరంతరం రాలిపోతూ, అడుగు నుంచి కొత్త కణాలు పైకి వస్తూ ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ ఆ పని మందగిస్తుంది. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ తగ్గుతుంది. ఎండ తగిలిన చోట ఈ నష్టం ఇంకా ఎక్కువ. చొక్కా కింద ఉన్న భుజం చర్మాన్ని, ముప్ఫై ఏళ్లు సైకిలు మీద ఆఫీసుకు వెళ్లిన ముంజేతి చర్మాన్ని పక్కపక్కన పెట్టి చూసుకోండి. రెండింటి వయసూ ఒకటే, తేడా చేసింది ఎండ.

విటమిన్ 'ఎ' కుటుంబపు మందులు కణాల పునరుత్పత్తిని చురుకు చేస్తాయి. రంధ్రాలు మూసుకుపోకుండా చూస్తాయి. కొల్లాజెన్ తయారీని పెంచుతాయి. ఈ కుటుంబంలో అన్నిటికన్నా బలమైన వరసలోది ట్రెటినాయిన్. దీనిని మొటిమలకు వాడవచ్చని అమెరికాలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే డాక్టరు చూపించగా, 1971లో అక్కడ అనుమతి వచ్చింది. ఎండ వల్ల వచ్చే సన్నని ముడతలు కూడా దీనితో తగ్గుతాయని 1988లో మిచిగాన్ విశ్వవిద్యాలయం వారు ప్రకటించారు. మన దేశంలో ట్రెటినాయిన్ డాక్టరు చీటీ మీద ఇవ్వాల్సిన మందు.

రెటినాల్ దాని చెల్లెలు వంటిది. చర్మంలోకి వెళ్లాక రెండు మెట్లు మారి ఆ బలమైన మందు రూపం పొందుతుంది. అందుచేత బలం చాలా తక్కువ, మంట కూడా తక్కువ. ఇది సౌందర్య సాధనంగా చీటీ లేకుండానే దొరుకుతుంది. ఇంకా మెత్తనిది రెటినైల్ పామిటేట్. పసిపిల్లల సీసాలో ఉన్నదీ, చాలా మామూలు క్రీములలో పేరుకు కలిపేదీ అదే.

మన వయసు వాళ్లకు పనిచేస్తుందా అని అడుగుతారేమో. మిచిగాన్ వారే 2007లో ఒక చిన్న పరిశోధన ప్రకటించారు. అందులో పాల్గొన్నది 36 మంది, వారి సగటు వయసు 87 సంవత్సరాలు. ఒక చేతికి 0.4 శాతం రెటినాల్ ఉన్న లోషను, రెండో చేతికి రెటినాల్ లేని అదే లోషను, వారానికి మూడుసార్ల వరకు, 24 వారాలపాటు రాశారు. రెటినాల్ రాసిన చేతి మీద సన్నని ముడతలు తగ్గాయి. కాబట్టి పనిచేస్తుంది. అయితే తగ్గేవి సన్నని గీతలు, గరుకుదనం, కొంతమేరకు ఎండ మచ్చలు. జారిన బుగ్గలు పైకి రావు, లోతైన మడతలు పోవు, చామనచాయ మనిషి తెల్లబడడు. ఆ ఆశ ఎవరైనా చూపిస్తే అక్కడే ఆగండి.

ఎవరు ముట్టుకోకూడదు?

మొదలుపెట్టే పద్ధతి చెప్పేముందు ఇది చెప్పాలి.

గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవారు రెటినాల్ గాని, ట్రెటినాయిన్ గాని రాసుకోకూడదు. పైపూత నుంచి రక్తంలోకి వెళ్లేది కొంచెమే అయినా, కడుపులో బిడ్డ విషయంలో ఆ కొంచెం కూడా వద్దని డాక్టర్లు చెబుతారు. పాలిచ్చే తల్లులు డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి. మా రెండో కోడలికి మొటిమల కోసం డాక్టరు ట్యూబు రాసిచ్చారు. పెళ్లయిన కొత్తలో వాళ్లు పిల్లల కోసం అనుకుంటున్నామని చెప్పగానే ఆ డాక్టరుగారే ఆపించారు. ఆ మాట చెప్పడానికి అమ్మాయి మొదట సిగ్గుపడింది. మా ఆవిడ దగ్గర కూర్చోబెట్టుకుని, "డాక్టరు దగ్గర దాపరికం ఎందుకమ్మా" అని తనే వెంట తీసుకెళ్లింది. అమ్మమ్మలూ నాయనమ్మలూ చేయగలిగిన మేలు ఇదేనండి.

మొటిమలకు మింగే మాత్ర ఒకటుంది, ఐసోట్రెటినాయిన్. ఇది చాలా కట్టుదిట్టంగా వాడవలసినది. గర్భంలో బిడ్డకు తీవ్రమైన అవకరాలు కలిగిస్తుంది. వాడుతున్నన్నాళ్లూ, ఆపిన తరువాత ఒక నెల వరకూ గర్భం రాకూడదు. సోరియాసిస్‌కు ఇచ్చే అసిట్రెటిన్ మాత్ర అయితే ఆపిన తరువాత మూడేళ్ల వరకు. ఒకరికి రాసిన మాత్ర "మా అక్కకు తగ్గింది" అని మరొకరు మింగడం మన ఇళ్లలో ఉంది. ఈ మాత్రల విషయంలో మాత్రం అది ఎంతమాత్రం జరగనివ్వకండి.

గజ్జి, తామర, ఎగ్జిమా ఉన్నచోట, పుండ్లు పగుళ్లు ఉన్నచోట, ఎండకు కమిలిన ముఖం మీద రెటినాల్ రాయకూడదు.

మంగు మచ్చల క్రీము కథ

నన్ను ఈ విషయం మీద మాట్లాడేలా చేసింది రెటినాల్ సీసా కాదు, మంగు మచ్చల ట్యూబు. నాతో పనిచేసిన ఒక మిత్రుని కూతురు కొల్లేటి లంకలో ఉంటుంది. చేపల చెరువు గట్టు మీద భర్తతో సమానంగా ఎండలో పని. పైనుంచి ఎండ, కిందనుంచి నీళ్ల మీద తళుకు. రెండో కాన్పు తరువాత బుగ్గల మీద మంగు వచ్చింది. పొరుగావిడ చెబితే ఒక మందుల షాపులో ట్యూబు కొన్నది. పదిహేను రోజుల్లో ముఖం తేటబడింది. ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. ఇంకో ట్యూబు, ఇంకో ట్యూబు, అలా రెండేళ్లు గడిచాయి. ఆ తరువాత ముఖం ఎర్రబడడం మొదలైంది. పొయ్యి దగ్గర నిలబడలేదు, ఎండలోకి రాలేదు. సన్నని రక్తనాళాలు తేలాయి, గడ్డం మీద నూగు పెరిగింది. మానేద్దామని ఆపితే మంట రెట్టింపైంది, మంగు ముదిరి తిరిగి వచ్చింది. మళ్లీ అదే రాస్తే తగ్గేది. తాగుడుకు బానిసైనట్టు ఆ ముఖం ట్యూబుకు బానిసైంది. ఆడపడుచు పెళ్లికి వెళ్లకుండా ఇంట్లో తలుపు వేసుకుని కూర్చుంది ఆ అమ్మాయి. ఏలూరులో చర్మవ్యాధుల డాక్టరుగారు నెలల తరబడి ఓపికగా చూసి కుదుటపరిచారు.

ఆ ట్యూబు పెట్టె నేను చదివాను. అందులో మూడు మందులున్నాయి. ఒకటి మచ్చ తగ్గించే హైడ్రోక్వినోన్, రెండోది మనం చెప్పుకుంటున్న ట్రెటినాయిన్, మూడోది మొమెటాసోన్ అనే స్టెరాయిడ్. ఇలా మూడు కలిపే పద్ధతిని 1975లో ప్రకటించింది కూడా ఆ క్లిగ్‌మనే. డాక్టరు చూస్తూ కొద్ది వారాలు వాడిస్తే పనికొచ్చే మందే. ఫేస్ క్రీములాగా ఏళ్ల తరబడి రాస్తే స్టెరాయిడ్ చర్మాన్ని పలచబరుస్తుంది. మన దేశంలో ఈ దుర్వినియోగం ఎంతగా ఉందంటే, చర్మవ్యాధుల డాక్టర్ల సంఘం దీనిమీద ప్రత్యేకంగా ఒక కార్యదళమే ఏర్పాటు చేసింది. స్టెరాయిడ్ పూతమందులు చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన బిగించింది. నిబంధన కాగితం మీద ఉంది. అమలు కావాలంటే మన చేతిలోని ట్యూబును మనం చదవాలి.

పేరు చివర 'సోన్' అనో, 'సోల్' అనో, 'సోలోన్' అనో ఉంటే స్టెరాయిడ్ కావచ్చునని అనుమానించండి. మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్ ఇలాంటివే. ఇప్పటికే ఎవరైనా ఇలాంటిది నెలల తరబడి వాడుతుంటే, ఈరోజు నా మాట విని రేపు పొద్దున్నే విసిరేయకండి. ఒక్కసారిగా ఆపితే తిరగబడుతుంది. ట్యూబు పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి.

మొదలుపెట్టే క్రమం

ఇక రెటినాల్ వాడదలచిన వారికి పద్ధతి. ఆఫీసులో ప్రొసీడింగ్స్ లాగా వరసగా చెబుతాను. వెంట వచ్చిన అమ్మాయిలు దయచేసి రాసుకోండి.

1. మొదటి రెండు వారాలు రెటినాల్ అసలు తెరవవద్దు. ముందు చర్మాన్ని సిద్ధం చేయాలి. ఘాటు సబ్బు మాని మెత్తనిది వాడండి. రాత్రి మామూలు మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్ అలవాటు చేసుకోండి. ఈ రెండూ రోజూ చేయలేని వారు రెటినాల్ జోలికి పోకపోవడం మంచిది.

2. తక్కువ బలంతో మొదలుపెట్టండి. 0.1 శాతం, లేదా 0.2 శాతం చాలు. ఐరోపా సమాఖ్య 2024లో ముఖపు క్రీములలో రెటినాల్ 0.3 శాతం మించకూడదని, ఒంటికి రాసే లోషన్లలో 0.05 శాతం మించకూడదని నిబంధన చేసింది. ఇక్కడ 1 శాతం సీసాలు కూడా అమ్ముతున్నారు. అంకె పెద్దదైతే మందు గొప్పదని అనుకోకండి.

3. ముంజేతి లోపలివైపు, లేదా చెవి వెనుక, కొంచెం రాసి మూడు నాలుగు రాత్రులు చూడండి. దద్దురు, పొక్కులు రాకపోతేనే ముఖానికి.

4. మొదటి రెండు వారాలు, వారానికి రెండే రాత్రులు. బుధవారం, ఆదివారం అనుకోండి. గోడమీద క్యాలెండరులో గుర్తు పెట్టండి. తరువాత నాలుగు వారాలు, వారానికి మూడు రాత్రులు. ఆ తరువాత చర్మం ఓర్చుకుంటే రాత్రి విడిచి రాత్రి. రోజూ రాయాలన్న నియమం ఎవరికీ లేదు.

5. రాత్రి పూట మాత్రమే రాయాలి. ముఖం కడిగి, మెత్తగా అద్దుకుని, 20 నిమిషాలు ఆగండి. తడి చర్మం మీద మంట ఎక్కువ. పొడిచర్మం వారు ముందు పలచగా మాయిశ్చరైజర్, తరువాత రెటినాల్, పైన మళ్లీ మాయిశ్చరైజర్ రాయవచ్చు. దీనివల్ల మంట బాగా తగ్గుతుంది.

6. మొత్తం ముఖానికి బఠాణీ గింజంత చాలు. నుదురు, రెండు బుగ్గలు, గడ్డం మీద చుక్కలు పెట్టి పలచగా పరచండి. కనురెప్పలు, ముక్కు పక్క సందులు, పెదవుల మూలలు వదిలేయండి. ఆ మూలల్లో ముందుగా కొంచెం వాజలీను రాసుకుంటే మందు చేరదు.

7. మర్నాడు పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి. ఎస్.పి.ఎఫ్. 30 గాని, అంతకుమించినది గాని ఉండాలి. బయట పని చేసేవారు రెండు మూడు గంటలకొకసారి మళ్లీ రాయాలి. గొడుగు, టోపీ, కండువా మన పాత ఆయుధాలు. అవి వట్టిపోలేదు.

8. రెండు మూడు వారాలలో కొంచెం పొట్టు లేవడం, కొంచెం ఎరుపు, బిగుసుకున్నట్టు ఉండడం సహజం. మొటిమలున్న వారికి మొదట్లో నాలుగు ఎక్కువ కనబడవచ్చు. అప్పుడు నాలుగైదు రాత్రులు ఆపి, మాయిశ్చరైజర్ మాత్రం రాసి, తగ్గాక తక్కువసార్లతో తిరిగి మొదలుపెట్టండి. వాపు, నీరు కారడం, కళ్ల చుట్టూ ఉబ్బు, నిద్రపట్టనంత మంట వస్తే పూర్తిగా ఆపి డాక్టరుకు చూపించండి.

9. ఫలితం తెలియడానికి కనీసం మూడు నెలలు. వచ్చే నెల పెళ్లి ఉందని ఈ నెల మొదలుపెట్టేవారికి పెళ్లిలో పొట్టు లేచిన ముఖం మిగులుతుంది. శుభకార్యానికి ముందు కొత్తది ఏదీ మొదలుపెట్టవద్దు.

మన అలవాట్లతో ఎక్కడ చిక్కు?

ఇంగ్లీషు పెట్టెల మీద రాయని జాగ్రత్తలు కొన్ని మన ఇళ్లకు కావాలి. నలుగుపిండితో రుద్దడం, నిమ్మరసం పట్టించడం, పీచుతో తోమడం, బ్లీచింగు చేయించడం, ఇవి రెటినాల్ వాడే ముఖానికి పనికిరావు. పై పొర అప్పటికే సున్నితంగా ఉంటుంది. కనుబొమలు థ్రెడింగు, వ్యాక్సింగు చేయించుకునే అమ్మాయిలు దానికి ముందు వారం, తరువాత కొన్ని రోజులు ఆపాలి. వ్యాక్సింగుతో పాటు చర్మమే లేచివచ్చిన సందర్భాలున్నాయి. పండుగపూట నలుగు పెట్టాలంటే ఒంటికి పెట్టండి, ముఖం వదిలేయండి. మగవారు రాత్రి రాసి, పొద్దున్నే మొండి బ్లేడుతో గడ్డం గీసి, పటిక రాస్తే చుక్కలు కనబడతాయి. గడ్డానికి ముందు నురుగు బాగా పట్టించండి, పటిక మానండి.

మొటిమలకు వాడే బెంజాయిల్ పెరాక్సైడ్‌ను ట్రెటినాయిన్‌తో కలిపి ఒకేసారి రాయకూడదు. అది దీన్ని చెడగొడుతుంది. ఈ మందులు వేడికి, వెలుతురుకు కూడా పాడవుతాయి. మూత గట్టిగా పెట్టి బీరువాలో ఉంచండి. కిటికీ గూట్లో, రేడియో మీద పెట్టవద్దు.

అరవై దాటిన వారికి ప్రత్యేకంగా

మన చర్మం పొడి, పలచన. లైఫ్ సర్టిఫికెట్ కోసం వేలు పెడితే మెషీను ముద్ర తీసుకోక ఎంత తంటా పడుతున్నామో మీకు తెలుసు. ఇటువంటి చర్మానికి మొదటి వైద్యం రెటినాల్ కాదండి. గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల్లో స్నానం ముగించి, ఒళ్లు పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనెో, మాయిశ్చరైజరో రాసుకోవాలి. పెద్దవాళ్ల దురదలు చాలావరకు దీనితోనే సర్దుకుంటాయి. ఆ పైన కూడా ముఖానికి రెటినాల్ రాయాలనిపిస్తే, మూడు రాత్రులకొకసారి, తక్కువ బలంతో, పైన చెప్పిన క్రమంలో రాయండి.

బి.పి.కి వాడే నీటి మాత్రలలో హైడ్రోక్లోరోథయజైడ్ వంటివి, యాంటీబయోటిక్కులలో డాక్సీసైక్లిన్ ఎండకు చర్మాన్ని సున్నితం చేస్తాయి. అవి వాడుతున్నవారు ముందు డాక్టరును అడగండి. విటమిన్ 'ఎ' బిళ్లలు, చేపనూనె గుళికలు మింగుతున్నవారు ఎన్ని యూనిట్లు ఉన్నాయో చదవండి. రెండు మూడు రకాల టానిక్కులలో ఒకే విటమిన్ ఉండి మొత్తం పెరిగిపోతుంది. ఎక్కువైతే కాలేయానికి, ఎముకలకు చేటు.

ఇంకొక ముఖ్యమైన సంగతి, మా శాఖ పాత అనుభవంతో చెబుతున్నాను. ప్రతి మచ్చా క్రీముతో పోయేది కాదు. మానని పుండు, రంగు మారుతూ పెరుగుతున్న పుట్టుమచ్చ, రక్తం కారే కాయ ఉంటే క్రీము రాసి కాలయాపన చేయకండి. చుట్టుపక్కల చర్మం కంటే పాలిపోయి, గిల్లినా తెలియని మచ్చ ఉంటే అది కుష్ఠు కావచ్చు. దానికి సిగ్గుపడేది లేదు, భయపడేది లేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం, వరసగా వాడితే పూర్తిగా నయమవుతుంది. దానిమీద రెటినాల్ రాసుకుంటూ కూర్చుంటే నరాలు దెబ్బతింటాయి.

చీటీల మీద వచ్చిన ప్రశ్నలు

సదస్సుకు ముందే కొందరు చీటీలు ఇచ్చారు. సమయాన్ని బట్టి మూడింటికి జవాబు చెబుతాను.

గూడెం సోదరి ఒకరు, "ఎక్కువ ఖరీదుది ఎక్కువ మంచిదా?" అని అడిగారు. ఖరీదు సీసా అందానికీ, ప్రకటనకూ. డాక్టరు రాసిచ్చే ట్రెటినాయిన్ ట్యూబు వందల్లో వస్తే, బలహీనమైన రెటినాల్ సీసా వేలల్లో ఉండవచ్చు. శాతం ఎంతో రాయని సీసా కొనవద్దు. బ్యాచి నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో చూడండి. ఇవి లేని సరుకును మా స్టోర్సులో రిజిస్టరులో ఎక్కించేవాళ్లమే కాదు. మీ ముఖానికి అంతకంటే తక్కువ నియమం ఎందుకు?

కైకలూరు మిత్రుడు, "చేపల చెరువు మీద పగలంతా ఉండేవాడికి ఇది తగునా?" అన్నారు. ముందు టోపీ, నిండు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్. అవి ఆరు నెలలు నిలకడగా సాగితే అప్పుడు ఆలోచించండి. అవి లేకుండా రెటినాల్ రాస్తే తూము మూయకుండా చెరువు నింపినట్టే.

మూడో చీటీ మీద పేరు లేదు, అక్షరాలు మాత్రం చిన్నపిల్లవి. "తాతగారూ, నల్లగా ఉన్నానని సంబంధాలు రావడం లేదు, ఇది రాస్తే తెల్లబడతానా?" అని ఉంది. అమ్మా, నువ్వెవరో నాకు తెలియదు. ఈ మందు రంగు మార్చదు. రంగు మారుస్తామని చెప్పి అమ్మే ట్యూబులలో స్టెరాయిడ్ ఉంటుంది, పాదరసం కూడా ఉండవచ్చు. పాదరసం మూత్రపిండాలను పాడుచేస్తుంది. నీ రంగుకు వైద్యం అక్కరలేదు. ఆ మాట నీకు చెప్పవలసినవాళ్లం ఈ హాలులో కూర్చున్న పెద్దవాళ్లమే. మన ఇళ్లలో పెళ్లిచూపులకు కూర్చునేదీ, "పిల్ల కొంచెం చామనచాయ" అని మొదట అనేదీ మనమే. ఈరోజు ఇంటికి వెళ్లి అద్దం పక్కనున్న ట్యూబులు చదువుదాం. ఆ మాట అనడం కూడా మానేద్దాం.

 భోజనాల తరువాత ఎవరైనా ట్యూబులు, సీసాలు తెచ్చి ఉంటే చూపించండి. అక్షరాలు చదివిపెడతాను, మందు సంగతి డాక్టరుగారు చెబుతారు.